మన టీం ఎటు పోయింది బాపూ?

ఆదివారాన్ని రామకృష్ణాపూర్‌లో 'ప్లే డే' అంటారు. పేరుకు ఆటరోజే! ఆ రోజు బాయి దిగితే మాత్రం రెట్టింపు వేతనం. అందుకే ప్లే డే మస్టర్ దొరికితే ఏ కార్మికుడూ వదులుకోడు. ఆ ఓవర్‌మ్యాన్ మాత్రం వదులుకున్నాడు. ఒకటి కాదు, చాలా ప్లే డేలు. అదీ నిజంగా ఆట కోసమే.

కార్మికవాడలో అందరిదీ క్రికెట్ పిచ్చి. ఆయనది ఫుట్‌బాల్. చిన్నప్పుడు ఠాగూర్ స్టేడియంలో బొగ్గుబాయి జట్లు ఆడుతుంటే గోడెక్కి చూసినవాడు. ఫస్ట్ షిఫ్ట్ దిగి, ముఖాన బొగ్గుమసి పూర్తిగా పోకముందే బూట్లు కట్టుకుని గ్రౌండ్‌లోకి వచ్చేవాళ్లు ఆటగాళ్లు. టిక్కెట్టూ లేదు, కుర్చీలూ లేవు. గోల్ పడితే మాత్రం పక్క క్వార్టర్లకు వినబడేది!

2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టినప్పుడు ఆయనకు పండగే అయింది. ఇండియన్ సూపర్ లీగ్‌లో మన నగరం పేరుతో ఒక జట్టు! మొదటి సీజన్‌లో పది జట్లలో పదో స్థానం. సీజన్ మధ్యలోనే కోచ్ ఫిల్ బ్రౌన్‌ను పంపించేశారు. 'గింత సంబురానికి గిదేనా?' అని తోటివాళ్లు ఎగతాళి చేశారు. ఆయన నవ్వి ఊరుకున్నాడు. కొత్త బాయి తవ్విన మొదటి రోజే బొగ్గు రాదు కదా!

ఆ తర్వాత స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ వచ్చాడు. రెండేళ్లలో జట్టు తీరే మారింది. 2022 మార్చి 20. అదీ ప్లే డేనే. గోవాలో ఫైనల్, ఎదురుగా కేరళ బ్లాస్టర్స్. మొదట గోల్ కొట్టింది వాళ్లే. 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమని మూడు షాట్లు ఆపాడు. 3-1తో కప్పు మనదే! ఆరో తరగతి చదివే బిడ్డను ఎత్తుకుని ఆయన ఇల్లంతా తిరిగాడు. 'పక్కింటోళ్లు పండుకున్నరు, లొల్లి జేయకు' అని భార్య మందలించినా ఆగలేదు.

ఆ రాత్రే బిడ్డకు మాటిచ్చాడు... 'ఈసారి మనం హైదరాబాద్ వోయి, గ్రౌండ్‌ల కూసుండి సూద్దాం.'

* * *

మాట ఇవ్వడం తేలికే. అసలు లెక్క అప్పుడు మొదలైంది.

మంచిర్యాల నుంచి హైదరాబాద్ దాదాపు రెండువందల యాభై కిలోమీటర్లు. స్టేడియం ఉన్నది గచ్చిబౌలిలో. సికింద్రాబాద్‌లో రైలు దిగి, మెట్రోలో రాయదుర్గం దాకా వెళ్లి, అక్కణ్నుంచి మళ్లీ ఆటో ఎక్కాలి. మ్యాచ్ రాత్రి ఏడున్నరకు. అయ్యేసరికి తొమ్మిదిన్నర. ఆ జనంలోంచి బయటపడి రైలు అందుకోవడమంటే ఇంకో మ్యాచ్ ఆడినట్టే. అందకపోతే తెల్లారేదాకా స్టేషన్‌లో చద్దరు పరుచుకోవడమే గతి.

ముగ్గురికీ టిక్కెట్లు, రైలు ఛార్జీలు, మెట్రో, ఆటో, తిండి. బయటి నీళ్లసీసా లోపలికి రానివ్వని చోట ఇంకో ఖర్చు. వీటన్నిటికీ తోడు పోయిన మస్టర్. ఆయన డైరీలో అన్నీ రాసేవాడు. ఒక పేజీ కింద గీత గీసి భార్యకు చూపిస్తే ఆమె ఒక్కమాటే అన్నది... 'టిక్కెట్టు అగ్గువనే. ఆట పిరం!'

ఎంత నిజం ఆ మాట! నగరంలో ఉన్నవాడికి టిక్కెట్టు ధర అంటే టిక్కెట్టు ధరే. బొగ్గుబాయి ఊళ్లో ఉన్నవాడికి అది రెండు రోజుల కూలి, ఒక రాత్రి నిద్ర. ధరలు నిర్ణయించేవాళ్ల కాగితంలో ఈ లెక్క ఉండదు.

ఈ బాధ రామకృష్ణాపూర్ ఓవర్‌మ్యాన్‌ ఒక్కడిదే అనుకుంటే పొరపాటు. ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ క్లబ్బు 2016లో కొన్ని టిక్కెట్ల ధర 77 పౌండ్లకు పెంచబోయింది. ఫిబ్రవరిలో ఒక మ్యాచ్ నడుస్తుండగా సరిగ్గా 77వ నిమిషంలో వేలమంది అభిమానులు లేచి బయటికి నడిచారు. కొద్దిరోజులకే యాజమాన్యం వెనక్కి తగ్గింది. ఈ సంగతి పేపర్లో చదివి ఆయన తోటి కార్మికులకు చెబితే, ఒకాయన నవ్వాడు. 'అన్నా, మన దిక్కు అసొంటి సమ్మె జెయ్యాల్నంటే ముందుగాల గ్రౌండ్ నిండాలె గదనే!'

అయినా ఆయన వెళ్లాడు. 2022-23 సీజన్‌లో జట్టు లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. గ్యాలరీలో పసుపు జెండా ఊపుతున్న బిడ్డ ముఖం చూస్తే డైరీలో అంకెలు గుర్తుకు రాలేదు.

* * *

2023లో మార్కెజ్ వెళ్లిపోయాడు. మరుసటి సీజన్‌లో జట్టు కుప్పకూలింది. పన్నెండు జట్లలో ఆఖరి స్థానం. మొత్తం సీజన్‌లో గెలిచింది ఒక్కటంటే ఒక్క మ్యాచ్.

టీవీ ముందు ఆయన కోపం చూడాలి! 'బాయిల రూఫ్ సప్పుడు జేస్తే మేం ముందే జరుగుతం. ఎడమపక్క డిఫెన్స్ కూలుతున్నది ఈ కోచ్‌కు కనవడ్తలేదా? ఏం కోచింగ్ ఇది?' వారం వారం ఇదే తిట్టు. షిఫ్టుకు పోతూ తిట్టేవాడు, వస్తూ తిట్టేవాడు. కోచ్‌ను మారిస్తే అన్నీ సర్దుకుంటాయని లోకంలోని ప్రతి అభిమానిలాగే ఆయనా నమ్మాడు.

తర్వాత ఒక్కో వార్తా బయటికొచ్చింది. ఆటగాళ్లకు జీతాలు అందడం లేదు. కొత్తవాళ్లను తీసుకోకుండా క్లబ్బు మీద నిషేధం పడింది. విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. మిగిలిన కుర్రాళ్లతోనే కోచ్ నెట్టుకొస్తున్నాడు.

ఆ రోజు ఆయన అన్నం సగంలోనే లేచాడు. 'జీతం రాకుంటే బాయిల తట్ట ఎవడెత్తుతడు? ఆ పోరగాండ్లు ఎత్తిండ్రు. నేనేమో ఆ కోచ్‌ను తిట్టిన' అన్నాడు. కార్మికుడి ఇంట్లో పుట్టి, కార్మికుడిగా బతుకుతూ, జీతం రాని పనివాణ్ని తిట్టానన్న బాధ అది.

పెద్ద జట్టు పరిస్థితి అలా ఉంటే, కింది డివిజన్‌లో ఇంకో జట్టు కనబడింది. శ్రీనిధి డెక్కన్. హైదరాబాద్ శివారు అజీజ్‌నగర్‌లో సొంత మైదానం. ఐ-లీగ్‌లో 2022-23లో రెండో స్థానం, 2023-24లోనూ రెండో స్థానం. ఛాంపియన్‌కే పై లీగ్‌లోకి దారి. మొదటి ఏడు పంజాబ్ జట్టు, రెండో ఏడు కోల్‌కతా మహమ్మడన్ ఆ దారిన పైకి వెళ్లాయి. రెండోవాడికి తలుపు తెరుచుకోదు. 'పక్కకు పాసులిచ్చుకుంట కూసుంటే కప్పెట్లొస్తది?' అని మళ్లీ తిట్టబోయి ఆయన నాలుక కరుచుకున్నాడు.

ఇక 2025లో అసలు దెబ్బ తగిలింది. హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి తరలిపోయింది. పేరు కూడా మారి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. అప్పటికి బిడ్డ పదో తరగతి. పసుపు జెండా మడతపెడుతూ అడిగింది...

'మన టీం ఎటు వోయింది బాపూ?'

ఆయన దగ్గర జవాబు లేదు. బొగ్గు అయిపోయి బాయి మూసేస్తే కార్మికుణ్ని ఇంకో బాయికి బదిలీ చేస్తారు. క్లబ్బు తరలిపోతే అభిమానిని ఎక్కడికి బదిలీ చేస్తారు?

* * *

జవాబు వెతకడానికి ఆయన చాలా చదివాడు. జర్మనీలో షాల్క అనే క్లబ్బు ఉంది. బొగ్గుగనుల ఊరు గెల్సన్‌కిర్షెన్‌లో 1904లో పుట్టింది. ఆ జట్టు ముద్దుపేరే 'గని కార్మికులు'. ఆటగాళ్లు మైదానంలోకి వచ్చే దారిని కూడా గని సొరంగంలాగే తీర్చిదిద్దారు. 2018 డిసెంబరులో జర్మనీలో చివరి గట్టిబొగ్గు గని మూతపడింది. 2021లోనూ, 2023లోనూ జట్టు రెండో డివిజన్‌కు పడిపోయింది. గనులు పోయాయి, హోదా పోయింది. క్లబ్బు మాత్రం ఊళ్లోనే ఉంది. జర్మనీలో సాధారణంగా క్లబ్బు ఓట్లలో సగానికి పైగా సభ్యుల చేతిలోనే ఉండాలన్న నిబంధన ఉంది మరి!

ఇంగ్లండ్‌లో 2002లో వింబుల్డన్ క్లబ్బును ఊరు దాటించడానికి అనుమతిస్తే, అభిమానులు ఏడ్చి ఊరుకోలేదు. ఒక బహిరంగ మైదానంలో ఆటగాళ్లను ఎంపిక చేసుకుని ఏఎఫ్‌సీ వింబుల్డన్ అనే సొంత జట్టు పెట్టుకున్నారు. తొమ్మిదో అంచెలో మొదలైన ఆ జట్టు 2011కల్లా ఫుట్‌బాల్ లీగ్‌లో అడుగుపెట్టింది.

అంత దూరం ఎందుకు? మన హైదరాబాద్ కథే ఉంది. బడిపంతులుగా మొదలైన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. సికింద్రాబాద్ అమ్ముగూడ పేదింటి కుర్రాడు తులసీదాస్ బలరాం ప్రాక్టీసుకు రావడానికి డబ్బుల్లేవంటే, సైకిల్ అద్దె రహీమే ఇచ్చేవారట. ఆ బలరాం ఒలింపిక్స్‌లో ఆడాడు, ఆసియా స్వర్ణం గెలిచాడు.

సైకిల్ అద్దె! ఆయన ఆ మాట దగ్గర ఆగిపోయాడు. ఆటకూ పేదింటికీ మధ్య అప్పుడూ ఆ కాస్త డబ్బే అడ్డం. కాకపోతే అప్పుడు కోచే దాన్ని కట్టాడు.

బిడ్డ ఇంకో పేరు గుర్తుచేసింది. గుగులోత్ సౌమ్య. నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టి, దేశానికి ఆడి, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ మహిళల జట్టు దాకా వెళ్లింది. 'ఆమె సుత టీవీ సూసి నేర్చుకోలే బాపూ, గ్రౌండ్‌ల నేర్చుకున్నది' అన్నది బిడ్డ.

ఆ రాత్రి ఆయన డైరీ తీశాడు. పాత పేజీలు తిప్పాడు. టిక్కెట్లు, రైళ్లు, ఆటోలు, పోయిన మస్టర్లు... అన్నీ కూడాడు. కింద గీత గీసి కొత్త వరస మొదలుపెట్టాడు. బంతులు ఆరు. గాలికొట్టే పంపు ఒకటి. విజిల్ ఒకటి.

తోటివాళ్లు నలుగురు తలా కొంత వేశారు. ఇప్పుడు ప్లే డే పొద్దున పోరగాండ్లు, పొల్లగాండ్లు గ్రౌండ్‌లో చేరుతున్నారు. మొదటి వారం పదకొండుమంది కూడా రాలేదు. ఇప్పుడు రెండు జట్లు కట్టేంతమంది ఉన్నారు. టిక్కెట్టు లేదు. కోచ్ ఆయనే. పాత పుస్తకాలు చదివి, ఫోన్‌లో వీడియోలు చూసి, తెలిసినంత నేర్పుతున్నాడు. సరైన శిక్షకుడు దొరికేదాకా అంతే.

మొన్న ఒక మ్యాచ్ పెట్టారు. బిడ్డ ఆడిన జట్టు 4-0తో ఓడింది. గోడ మీద కూర్చుని చూస్తున్న ఒక ముసలాయన, పాత కోల్ ఫిల్లర్, గట్టిగా కేకేశాడు...

'ఏమయ్యా ఓవర్‌మ్యాన్! ఎడమపక్క ఒక్కడు లేడు. ఏం కోచింగ్ ఇది?'

బిడ్డ తండ్రి వైపు భయంభయంగా చూసింది. ఆయన ముఖంలో కోపం లేదు. విజిల్ నోట్లోంచి తీసి పగలబడి నవ్వాడు.

గ్రౌండ్‌కు అభిమాని వచ్చాడు మరి!