షెడ్డు లేని చానెల్

టీవీలో కార్ల కార్యక్రమం వస్తే ఈమధ్య ఒళ్లు మండిపోతోంది. కారు మంచు కొండల మధ్య మెలికలు తిరుగుతుంది, పైనుంచి డ్రోన్ చూస్తుంది, యాంకరు స్టీరింగు మీద చెయ్యేసుకుని సున్నా నుంచి వందకు ఎన్ని సెకన్లో చెబుతాడు. సీటు తోలు నిమిరి చూపిస్తాడు. పాటల ప్లేయరు నొక్కి చూపిస్తాడు. బానెట్ మాత్రం ఎత్తడు. ఎత్తినా రెప్పపాటే. బండి మీద ప్రాణం పెట్టుకున్న మనిషికి కావలసిందంతా ఆ రేకు కిందే ఉందని వీళ్లకెందుకు తట్టదు?

నా కోపానికి ఎడ్ చైనాతో సంబంధం ఉంది. 'వీలర్ డీలర్స్' చూసినవాళ్లకు ఆయన్ని పరిచయం చేయనక్కర్లేదు. 2003లో బ్రిటన్‌లో మొదలైన కార్యక్రమం అది. మైక్ బ్రూవర్ పాత కారును బేరమాడి తెచ్చేవాడు. ఆరున్నర అడుగుల ఎడ్ చైనా నారింజ రంగు గ్లౌజులు తొడుక్కుని దాన్ని విప్పేవాడు. తుప్పు పట్టిన బోల్టు ఎందుకు రావడం లేదో, ఎలా తిప్పితే వస్తుందో, ఏ భాగం మార్చాలో, ఏది కడిగి మళ్లీ పెట్టుకోవచ్చో తీరిగ్గా చెప్పేవాడు. ఇంగ్లిషు సగం అర్థమైనా పని మొత్తం అర్థమయ్యేది. అలాంటి మనిషి 2017 మార్చిలో తప్పుకున్నాడు. అప్పటికి ఆ కార్యక్రమం అమెరికాలోని వెలాసిటీ చానెల్ చేతికి వెళ్లింది. షెడ్డు సన్నివేశాలు తీయడం కష్టంగా ఉంది, తగ్గిద్దాం అన్నారనీ, దానికి తాను ఒప్పుకోలేదనీ ఎడ్ చైనాయే చెప్పాడు. ఆ వార్త చదివిన రోజు నాకు మనసు పాడైంది. షెడ్డు తీసేస్తే ఇంక మిగిలేదేమిటి? బేరం, ఊరేగింపు.

ఆ వెలాసిటీ పుట్టుక కూడా చెప్పుకోవాలి. అంతకుముందు అది డిస్కవరీ వాళ్ల హెచ్‌డీ థియేటర్. అందులో 2004 నుంచి 'సన్‌రైజ్ ఎర్త్' అనే కార్యక్రమం వచ్చేది. ఎక్కడో ఒకచోట సూర్యోదయం. వ్యాఖ్యానం లేదు, హడావుడి లేదు, పక్షుల అరుపులు, నీళ్ల చప్పుడు, వెలుతురు మెల్లమెల్లగా పైకి రావడం. దాదాపు గంటసేపు అంతే. 2011 అక్టోబరులో ఆ చానెల్‌కు వెలాసిటీ అని పేరు మార్చి, డబ్బున్న మగవాళ్లను దృష్టిలో పెట్టుకుని కార్ల దారి పట్టించారు. 2018 నవంబరులో మళ్లీ పేరు మారి మోటర్ ట్రెండ్ అయింది. 1949 నుంచి వస్తున్న పత్రిక పేరు అది. పేర్లు మార్చుకోవడం మీద నాకు తగాదా లేదు. సూర్యుడు పొడవడాన్ని గంటసేపు చూపించే ఓపిక ఉన్న చానెల్‌కు, ఒక క్లచ్ ప్లేటు మార్చడాన్ని పావుగంట చూపించే ఓపిక ఎందుకు లేకపోయిందన్నదే నా తగాదా.

ఇంకో చానెల్ గతి ఇంతకన్నా అన్యాయం. 1996 ప్రాంతాన మొదలైన స్పీడ్‌విజన్‌లో కార్లతోపాటు విమానాలు, పడవలు, మోటారు సైకిళ్లు అన్నీ ఉండేవి. 2002లో అది స్పీడ్ చానెల్‌గా మారి పందేలవైపు ఒరిగింది. 2013 ఆగస్టులో ఆ స్థానంలోకి ఫాక్స్ స్పోర్ట్స్ 1 వచ్చింది. మొదట యంత్రం, తర్వాత వేగం, చివరికి స్కోరు. మెట్టుమెట్టుకూ చేతికి నూనె అంటుకునే మనిషి తెరమీంచి జరిగిపోయాడు.

మన దేశానికి బండ్ల చానెల్ డిస్కవరీ టర్బో 2010లో వచ్చింది. తెలుగులో బండ్లకంటూ ఒక చానెల్ ఇంతవరకూ రాలేదు. భక్తికి చానెళ్లున్నాయి, తిరుమల నుంచి ఎస్వీబీసీ 2008 నుంచి వస్తోంది. వంటకు ఈటీవీ అభిరుచి ఉంది. సినిమాకు లెక్కే లేదు. అలాగని తెలుగు టీవీకి పని చూపించడం చేతకాదనుకుంటే పొరపాటు. ఈటీవీలో 'అన్నదాత' చూడండి. ఆకు తిప్పి పురుగు ఎక్కడ గుడ్లు పెట్టిందో చూపించారు, మందు ఎంత కలపాలో రైతు నోటనే చెప్పించారు. ఆకును అంత దగ్గరగా చూపించగలిగినవాళ్లు కార్బొరేటర్‌ను చూపించలేరా?

చూపించడానికి మా అనంతపురం కంటే మంచి చోటు నాకు కనబడదు. కియా ఉందని కాదు. ఉంది, సంతోషమే. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో, జాతీయ రహదారి పక్కనే, ఏడాదికి 3 లక్షల కార్లు చేసేలా కట్టిన ఫ్యాక్టరీ. 2017 ఏప్రిల్లో ఒప్పందం కుదిరింది, 2019 ఆగస్టులో సెల్టోస్ బజారుకొచ్చింది. 2022లో జిల్లా రెండైనప్పుడు పెనుకొండ శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లింది గానీ, మా నోటికి అదింకా అనంతపురమే. హంద్రీ-నీవా కాలువలో ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు గొల్లపల్లి రిజర్వాయరుకొచ్చి ఆ ఫ్యాక్టరీకి అందుతున్నాయి. ఏ చానెల్ వచ్చినా కెమెరా నేరుగా ఆ గేటు దగ్గరికే పోతుంది. రోబో చేతులు, నిప్పురవ్వలు, తెల్ల యూనిఫారాలు. ఆ రోడ్డుమీదే ఇంకొంచెం ముందుకు పోతే టైర్లు వేలాడేసిన షెడ్లు వరసగా ఉంటాయి. అక్కడ ఎవరూ ఆగరు.

ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే సీమ ఇది. శనక్కాయ పంట మూడేళ్లకోసారి చేతికొస్తే మా అదృష్టం. ఇలాంటి చోట బండి కొన్నవాడు దాన్ని పారేయడు, బాగుచేయించుకుంటాడు. 1980లో హోసూరు నుంచి టీవీఎస్ 50 బయటికొచ్చాక మా పల్లెల్లో మోయని బరువు లేదు. పాలక్యాన్లు, పచ్చగడ్డి మోపులు, శనక్కాయ మూటలు, పెళ్లాం బిడ్డలు. పొగ ఎక్కువై బండి లాగకపోతే షెడ్డుకు తెచ్చేవాళ్లు. మేస్త్రి సైలెన్సరు ఊడదీసి కట్టెల మంటలో పడేసేవాడు. లోపల గడ్డకట్టిన నూనె, మసి చిటపటమని కాలి, గొట్టం ఎర్రబడేదాకా ఉంచి, పట్టకారుతో తీసి రాయిమీద కొడితే కార్బన్ పెళ్లలు పెళ్లలుగా రాలేది. ఈలోగా పిల్లోడు ప్లగ్గును గరుకు కాగితంతో రుద్ది పెట్టేవాడు. మళ్లీ బిగించి ఒక్క తన్ను తంతే, పీలగా ఉన్న గొంతు ఖంగున పలికేది. 'ఇంక ఎత్తుకు పోతాది పోన్నా' అనేవాడు మేస్త్రి.

ఫోర్ స్ట్రోక్ బండి ఇంజనులో చప్పుడొస్తే ఆయన పద్ధతి ఇంకోటి. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. అక్కడ కొంచెం, ఇక్కడ కొంచెం. 'టాపెట్ కాదప్పా, చైను సాగింది' అని తేల్చేవాడు. విప్పితే చైనే సాగి ఉండేది. ఈ చెవి విద్య ఏ కెమెరా పట్టుకుంది? ఆ తరం మేస్త్రీలు ఒక్కొక్కరే పోతున్నారు. ఇప్పుడు కంప్యూటర్ తగిలిస్తే తప్పు ఎక్కడుందో అదే చెబుతుంది. మంచిదే. కానీ ఆ చెవి విద్యను చిత్రీకరించి దాచుకోకపోవడం మనం చేస్తున్న నేరం.

కెమెరా చూడని ఇంకో బండి బోరు లారీ. మా సీమ బతుకంతా ఆ బండి చుట్టూనే తిరిగింది. ఎక్కువగా తమిళనాడు తిరుచెంగోడు నుంచి వస్తాయి. ఒక లారీ మీద రిగ్గు, వెనకాలే రాడ్లు మోసే ఇంకో లారీ. రాత్రిపూట చేలో లైట్లు వేసుకుని కంప్రెసర్ అరుస్తుంటే చుట్టుపక్కల ఊళ్లు మేలుకునేవి. మట్టి దిగేదాకా కేసింగు పైపు, ఆ కింద రాయి. ఇరవై అడుగుల రాడ్డు దిగాక ఇంకోటి తగిలించడం, లెక్క సుద్దముక్కతో గీసుకోవడం. రైతు పెళ్లాం మెడలోది కుదువ పెట్టి తెచ్చిన డబ్బు అడుగు అడుగుకూ కరిగిపోతుంటే, ఆమె కళ్లు పైకెగిరే దుమ్ము మీదే. తెల్ల దుమ్మొస్తే ఉత్త రాయి, ముద్దముద్దగా వస్తే తేమ. లివర్ల దగ్గర నిలబడ్డ కుర్రాడికి మాత్రం దుమ్ము చూడక్కర్లేదు. సుత్తి మోత మారగానే, రాయి మారిందని అతనికి ముందే తెలిసిపోతుంది. నీళ్లు పడినా పడకపోయినా అడుగుకింత అని లెక్క కట్టించుకుని పోతాడు, అది అతని కూలి. కానీ ఒక రాత్రి వెయ్యి అడుగులు దాటాక కూడా ఏమీ పడనప్పుడు, 'ఇంక వద్దమ్మా, ఆపేద్దాం' అని వచ్చీరాని తెలుగులో ఆమెకు చెప్పింది కూడా అతనే. ఇంకో రాడ్డు దింపితే అతనికే లాభం. అయినా లివరు వెనక్కి లాగాడు.