బొటనవేలికి సెలవు

మౌస్ కొనడం గురించి వ్యాసం రాస్తున్నానంటే మా బడిలో సార్లు నవ్వినారు. నవ్వనీ. పార కొనేటప్పుడు కామ చేతిలో పట్టి చూడకుండా మా తాండాలో ఎవరూ డబ్బులియ్యరు. మా అమ్మ అద్దాల కుట్టుకు సూది కొనాలంటే నాలుగైదు సూదులు వేళ్ల మధ్య తిప్పి చూసి ఒకటి ఏరుకునేది. మౌస్ దగ్గరికొచ్చేసరికి మాత్రం అంగట్లో వాళ్లు ఏది చేతిలో పెడితే అదే తెచ్చుకుంటాం. రోజూ రాత్రి రెండు మూడు గంటలు చేతిలో ఉండే పనిముట్టు అది.

నా పని ఏందో చెప్తేగానీ ఈ గోల అర్థం కాదు. మాది నల్లమాడ మండలంలో ఒక తాండా. సుగాలీలం. నేను బుక్కపట్నం డైట్‌లో చదివి టీచరునైనాను. మా గోర్ బోలికి సొంత లిపి లేదు, ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే రాసుకుంటాం. పెండ్లయి అత్తగారింటికి పోయే పిల్ల ఒక్కొక్కరి మెడ పట్టుకొని ఏడుస్తా పాడే పాటను ఢావ్లో అంటాం. ఇప్పటి పెండ్లిండ్లలో ఆ టైముకు డీజే మోగుతుంటుంది. మా పెద్దమ్మకు ఆ పాటలు చాలా వచ్చు. కొన్ని ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. ఆమె పోయి రెండేండ్లయింది. మళ్లీ పాడించుకునేదానికి లేదు. ఆ రికార్డింగుల్లో కోడికూతలున్నాయి, బండి చప్పుళ్లున్నాయి, పక్కింటి వాళ్ల మాటలున్నాయి. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పెట్టి పాటను ముక్కలు ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకు మాటలు రాసిపెడుతున్నాను.

కష్టమంతా కోయడంలోనే. ఢావ్లోలో మాటకు ముందు ఒక వెక్కు వస్తుంది. కొత్తవాళ్లు దాన్ని ఏడుపు అనుకుంటారు. అది పాటలో భాగమే, దాని మీదనే మాట ఎక్కుతుంది. కంప్యూటర్ తెర మీద అది నూలుపోగంత గీత. బాణం గుర్తు వెంట్రుకవాసి పక్కకు జరిగిందంటే వెక్కు తెగిపోయి ఉత్త మాట మిగులుతుంది.

ఇట్ల కోస్తుండగానే కుడి బొటనవేలి మొదట్లో నొప్పి పట్టుకుంది. పగలంతా సుద్దముక్క, ఫోన్‌లో హాజరు, మధ్యాహ్న భోజనం లెక్కలు, రాత్రయితే మౌస్. కదిరిలో ఫిజియోథెరపీ చేసే ఆయన, బొటనవేలు లోపల పెట్టి పిడికిలి మూసి మణికట్టును చిటికెనవేలి వైపు వంచమన్నాడు. కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. దీన్ని డీ క్వెర్వెన్ అంటారంట. బొటనవేలిని కదిలించే స్నాయుబంధనాలు మణికట్టు దగ్గర ఒక తొడుగులోంచి పోతాయి, ఆ తొడుగు మందమై రాపిడి పెడుతుంది. "బొటనవేలికి సెలవియ్యమ్మా" అన్నాడు. బడికైతే సెలవు పెట్టొచ్చు గానీ బొటనవేలికి ఎట్ల పెట్టేది?

అప్పుడు మొదలుపెట్టినాను మౌస్‌ల సంగతి చదవడం. ముందు తెలిసింది, పెట్టె మీది అంకెలు మనకు పెద్దగా పనికిరావని. 16,000 డీపీఐ అని పెద్ద అక్షరాల్లో వేస్తారు. మౌస్ అంగుళం జరిగితే ఎన్ని అడుగులుగా లెక్కబెడుతుందనేదే డీపీఐ. అది పెంచితే బాణం పరుగెత్తుతుంది, అంతేగానీ గురి కుదరదు. నేను 800 దగ్గర పెట్టుకున్నాను. విండోస్‌లో 'ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్' అని ఒక గడి ఉంటుంది. పేరు గొప్పగా ఉంది గానీ, చేయి వేగంగా జరిపితే బాణాన్ని ఇంకా దూరం తోసేది అదే. దాన్ని తీసేస్తే చేయి ఎంత జరిగితే బాణం అంతకు తగ్గట్టే జరుగుతుంది. ఇక ఆడాసిటీలో కంట్రోల్ నొక్కి పట్టి చక్రం తిప్పితే గీత పెద్దదవుతుంది, నూలుపోగు కాస్తా వేలెడు వెడల్పవుతుంది. కావలసిన గురిలో సగం ఇక్కడే వచ్చేసింది, పైసా ఖర్చు లేకుండా.

బటన్ల సంగతి ఇంకొకటి. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే అమెరికా ఇంజనీరు ఆలోచనతో 1964లో బిల్ ఇంగ్లిష్ తయారుచేసిన మొదటి మౌస్ చెక్కముక్క. దానికి ఒకటే బటన్. 1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో అందరి ముందు చూపించేనాటికి మూడైనాయి. ఆ రోజు ఆయన ఎడమచేతి కింద అయిదు మీటల పరికరం ఇంకొకటి ఉంది. పనిని రెండు చేతులకూ పంచినాడన్నమాట. తర్వాత మనకు మౌస్ మిగిలింది, ఎడమచేతిది పోయింది. ఇప్పుడు ఆటలాడేవాళ్ల కోసం రేజర్ నాగా అని ఒకటుంది, బొటనవేలి కిందనే పన్నెండు బటన్లు! నా వేలికి అది శిక్ష. నేను లెక్కేసుకుంటే క్లిక్కులు కాక నాకు కావలసినవి రెండే: పాట ఆడించి ఆపడం, కోయాల్సిన చోట గుర్తు పెట్టడం.

బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పని చేసే మా పిన్ని కొడుకు పండక్కి వస్తా తన ట్రాక్‌బాల్ తెచ్చినాడు, లాజిటెక్ ఎర్గో ఎం575. "దీన్ని జరపక్కర్లేదు అక్కా, గుండు తిప్పితే చాలు, మణికట్టుకు హాయి" అన్నాడు. నిజమే, హాయిగానే ఉంది. కానీ గుండు తిప్పాల్సింది బొటనవేలితోనే. నొప్పి ఉన్న చోటే పనంతా. మణికట్టు కింది వైపు నొప్పి ఉన్నవాళ్లకు అది మేలేమో గానీ నాకు కాదు. పైగా అది కుడిచేతికే పనికొస్తుంది.

ట్రాక్‌బాల్ మౌస్ కంటే పాతది. 1952లో కెనడా నౌకాదళం కోసం రాడార్ తెర మీద గుర్తును నడిపించడానికి చేసినారు, గుండు స్థానంలో బౌలింగ్ ఆటలో వాడే బంతిని పెట్టి. అంత పెద్ద గుండును అరచేత్తో, వేళ్లతో తిప్పాల్సిందే. ఇప్పటికీ అట్లాంటివి దొరుకుతాయి. కెన్సింగ్టన్ ఎక్స్‌పర్ట్ మౌస్ అని పేరుకు మౌసేగానీ, మధ్యలో 55 మిల్లీమీటర్ల గుండు, చుట్టూ తిరిగే వలయం, నాలుగు మూలలా నాలుగు బటన్లు. కుడి ఎడమలు ఒకే తీరు. నేను తీసుకున్నది అది. ధర ఎక్కువే, ఇంట్లో రెండు రోజులు మాటలు పడినాను.

దాన్ని ఎడమచేతికి పెట్టుకున్నాను. కుడి బొటనవేలికి నిజంగా సెలవు దొరికింది. మొదటి వారం బాణం తాగినోని మాదిరి నడిచింది. మూడో వారానికి చూపుడువేలు, నడిమివేలు గుండు మీద కుదురుకున్నాయి. అది తిప్పుతుంటే రాగిపిండిలో ఉండ కట్టే పిసరు చూసుకున్నట్టుంటుంది, బలం అక్కర్లేదు. కింది రెండు బటన్లు క్లిక్కులకు, పై రెంటిలో ఒకటి ఆడించి ఆపడానికి, ఒకటి గుర్తుకు. బాణాన్ని వెక్కు ముందర నిలబెట్టి గుండు మీద చేయి తీసేస్తే చాలు, బటన్ నొక్కేటప్పుడు అది కదలదు. మామూలు మౌస్‌లో నొక్కే అదురుకే బాణం జరిగిపోయేది.

ఒక బాధ మాత్రం ఉంది, దుమ్ము. మా దగ్గర ఆషాఢం గాలికి తలుపులు మూసినా బియ్యంలోకి ఎర్రమన్ను వస్తుంది. గుండు కింద చిన్న చిన్న పూసల్లాంటివి మూడుంటాయి, వాటి చుట్టూ నూగు చేరితే గుండు బిరుసెక్కుతుంది. వారానికొకసారి గుండు తీసి పాత చీర ముక్కతో తుడుస్తా. పని లేనప్పుడు మీద గిన్నె బోర్లిస్తా.

చేతి నొప్పి లేనివాళ్లు ఇంత ఖర్చు పెట్టాల్సిన పని లేదు. అరచేయి మౌస్ మీద వాల్చి చూడండి. చిటికెనవేలు గాల్లో లేచినా, పట్టు కోసం వేళ్లు ముడుచుకున్నా అది మీది కాదు. ఆడవాళ్ల చేతులకు చాలా మౌస్‌లు పెద్దవి. అంగట్లో పెట్టె తెరవనియ్యకపోతే ఇంకో అంగడికి పోండి.

పద్దెనిమిది పాటల్లో ఏడు అయిపోయినాయి. ఎనిమిదోదాంట్లో మా పెద్దమ్మ నడుమ ఆపి, బాటి మాడుతోంది చూడమని ఎవరినో కేకేస్తుంది, మళ్లీ అక్కడే అందుకుంటుంది. ఆదివారాలు నా పక్కన కూర్చొని మాటలు రాసే మేనకోడలు, తొమ్మిదో తరగతి పిల్ల, "దీన్ని కోసేద్దామా అత్తా?" అని అడిగి, నేను ఏదో చెప్పేలోపలే "వద్దులే" అని తనే బటన్ నొక్కి పాటను ముందుకు పోనిచ్చింది.