తీసేయకుండానే తగ్గిపోయిన కొలువులు

సికింద్రాబాద్‌లో ఫలక్‌నుమా ఎంఎంటీఎస్ ఎక్కితే సీతాఫల్‌మండి తర్వాత ఆర్ట్స్ కాలేజీ స్టేషన్. 2025 ఏప్రిల్‌లో, ఎండలు ముదురుతున్న రోజుల్లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వెళ్లడానికి అక్కడ దిగాను. తెలంగాణ విశ్వవిద్యాలయాల కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్లు తరగతులు మానేసి సమ్మెకు దిగారు. అసిస్టెంట్ ప్రొఫెసర్ల నియామకానికి ప్రభుత్వం తెచ్చిన జీవో 21 రద్దు చేయాలి, ముందు తమను రెగ్యులరైజ్ చేయాలి, ఆ పని అయ్యేదాకా యూజీసీ ఏడో వేతన స్కేలు ప్రకారం బేసిక్, డీఏ, హెచ్‌ఆర్‌ఏ, ఏటా మూడు శాతం ఇంక్రిమెంట్ ఇవ్వాలి. వాళ్లు అడుగుతున్నవి ఇవే.

ధర్నా దగ్గరికి పోయేముందు, నాకు తెలిసిన ఒక మేడమ్ పనిచేసే డిపార్ట్‌మెంట్‌కు వెళ్లాను. వరండాలో నోటీసు బోర్డు మీద టైంటేబుల్ ఉంది. నాలుగు మూలలా గుండుసూదులు గుచ్చిన కాగితం. గళ్లలో సారుల, మేడమ్‌ల పేర్లు పొడి అక్షరాల్లో రాశారు. ఏ అక్షరాలు ఎవరివో కింద వివరం ఇచ్చారు: మొదట రెగ్యులర్ వాళ్లు, తర్వాత కాంట్రాక్టు, చివర పార్ట్‌టైమ్. మొదటి వరుస అరంగుళం కూడా లేదు. మేడమ్ గళ్ల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చూపించింది. "ఇది హెడ్ సార్ పేపరు. ఇది ఇంకో సార్‌ది, ఆయన త్వరలో రిటైరైతరు. మిగిలినయన్నీ మావే." అన్నీ అంటే సోమవారం నుంచి శనివారం దాకా, ప్రాక్టికల్స్‌తో సహా. ఆ వారం ఆ గళ్లలో చాలావాటికి తరగతి జరగలేదు. ఈ విశ్వవిద్యాలయం ఎవరి మీద నిలబడి ఉందో తెలుసుకోవడానికి నాకు ఆ కాగితం చాలు.

ఉస్మానియా 1918లో మొదలైంది. ఆర్ట్స్ కాలేజీ గులాబీ రాతి భవనం 1939లో తెరిచారు. ఒక దేశభాషలో, ఉర్దూలో, ఉన్నత విద్య మొత్తం చెప్పవచ్చని చూపించిన చోటు ఇది. అలాంటి చోట చివరిసారి అధ్యాపకుల నియామకాలు జరిగింది 2013లో, అంటే తెలంగాణ రాష్ట్రం రాకముందు. మంజూరైన బోధన పోస్టులు పన్నెండు వందల పైచిలుకు ఉంటే, రెగ్యులర్‌గా మిగిలినవాళ్లు మూడో వంతుకు తక్కువే. రాష్ట్రంలోని మిగతా విశ్వవిద్యాలయాల్లోనూ ఇదే పరిస్థితి.

బయటి దేశాల్లో ఉద్యోగం పోతే చేతికి ఒక ఉత్తరం వస్తుంది. ఇక్కడ అలాంటి ఉత్తరం ఎవరికీ రాలేదు. ఒక ప్రొఫెసర్ రిటైరయ్యారు, శాలువా కప్పారు, ఫొటో దిగారు. ఆ పోస్టు అలాగే ఉండిపోయింది. మరుసటి ఏడు ఇంకొకరు. పదేళ్లు తిరిగేసరికి సగానికి సగం కొలువులు పోయాయి, ఎవరినీ తీసేసినట్టు ఎక్కడా నమోదు కాలేదు. అందుకే దీని మీద పెద్ద గొడవ కూడా జరగలేదు. నన్ను బాధపెట్టింది ఇదే. ఒకేసారి వెయ్యి మందిని తీసేసి ఉంటే ఊరంతా అడిగేది.

ఖాళీలు నింపే ప్రయత్నాలు జరగలేదని కాదు. 2022 సెప్టెంబర్‌లో అన్ని విశ్వవిద్యాలయాలకూ కలిపి ఉమ్మడి నియామక బోర్డు పెట్టే బిల్లును శాసనసభ ఆమోదించింది. అది గవర్నర్ దగ్గర ఆగి, అక్కడి నుంచి రాష్ట్రపతి పరిశీలనకు పోయింది. ప్రభుత్వం మారింది. 2025 జనవరిలో ప్రొఫెసర్ల పదవీ విరమణ వయసును 60 నుంచి 65కు పెంచారు. ఉన్నవాళ్లు ఇంకో ఐదేళ్లు ఉంటారన్నమాట. కొత్తవాళ్ల మాట మాత్రం ముందుకు కదల్లేదు. మొత్తం అధ్యాపకుల్లో కాంట్రాక్టు వాళ్లు పది శాతం మించకూడదని యూజీసీ 2018 నిబంధనలు చెబుతున్నాయి. నేను చూసిన టైంటేబుల్‌కూ ఆ పది శాతానికీ పొంతనే లేదు. 2025 జనవరిలో యూజీసీ తెచ్చిన ముసాయిదాలో ఆ పరిమితినే ఎత్తేశారు.

ధర్నా దగ్గర కింద తివాచీలు పరిచారు. మంచినీళ్ల క్యాన్లు, ఫ్లెక్సీ, మైకు. కూర్చున్నవాళ్లలో నలభై దాటినవాళ్లే ఎక్కువ. ఒకాయన నాకు పక్కన చోటిచ్చి, "2010 జనవరిల విద్యార్థి గర్జన ఇక్కడే సార్. అప్పుడు నేను స్కాలర్‌ని, జెండా పట్టుకొని తిరిగిన" అన్నాడు. తెలంగాణ రాష్ట్రం వస్తే కాంట్రాక్టు అనే మాటే ఉండదని ఆ రోజుల్లో సభల్లో నాయకులు చెప్పగా ఆయన విన్నాడు. నమ్మాడు కూడా. ఇప్పుడు జుట్టు నెరిసింది. ఏటేటా రెన్యువల్ ఆర్డర్ కోసం చూస్తున్నాడు.

ఆయన కోపానికి పెద్ద కారణం 2016 నాటి జీవో 16. కాంట్రాక్టు ఉద్యోగులను క్రమబద్ధీకరించేందుకు వచ్చిన ఆ జీవో కింద 2023లో జూనియర్, డిగ్రీ, పాలిటెక్నిక్ లెక్చరర్లు రెగ్యులర్ అయ్యారు. యూనివర్సిటీల్లో పాఠం చెప్పేవాళ్లను మాత్రం అందులో కలపలేదు. "నా దగ్గర ఎమ్మే చదివిన పిల్లగాడు జూనియర్ కాలేజీల రెగ్యులర్ అయిండు. నేనేమో ఇక్కడ తివాచీ మీద కూసున్న." ఆ పిల్లవాడు బాగుపడ్డందుకు సంతోషమేనని వెంటనే అన్నాడు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడని ఆయన ముఖం చూస్తే తెలిసింది. ఇక జీవో 21 ప్రకారమైతే ఇన్నేళ్లు పాఠం చెప్పినవాళ్లు కొత్తగా పీహెచ్‌డీ చేసి వచ్చినవాళ్లతో కలిసి ఒకే వరుసలో నిలబడాలి.

ఆ కొత్తవాళ్లు కూడా అక్కడికి దగ్గర్లోనే, హాస్టళ్లలో ఉన్నారు. ఇద్దరు స్కాలర్లతో కలిసి చాయ్ తాగాను. నెట్, సెట్, పీహెచ్‌డీ అన్నీ పూర్తిచేసి నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్నారు. "సారులంటే మాకు గౌరవమే. కానీ వాళ్లందరినీ రెగ్యులర్ చేస్తే మాకేం మిగుల్తది అన్నా?" అని ఒకడు అడిగాడు. ఈ ప్రశ్న ధర్నాలో కూర్చున్నవాళ్లకూ తెలుసు. మైకులో మాత్రం వినబడలేదు. నా మట్టుకు నేను ఆ అబ్బాయికి చెప్పింది ఇది: రాష్ట్రంలోని కాంట్రాక్టు అధ్యాపకులు దాదాపు 1,400 మంది, ఖాళీ పోస్టులు అంతకన్నా ఎక్కువ. మంజూరైన ప్రతి పోస్టూ నింపితే ఇద్దరికీ చోటుంది. సగం నింపుతామన్నప్పుడే గురువూ శిష్యుడూ పోటీదారులవుతారు. కాబట్టి ఎన్ని పోస్టులు నింపుతారన్నదే ఇద్దరూ కలిసి అడగాల్సిన మొదటి ప్రశ్న.

మరి డబ్బు? దాని సంగతి పద్మారావునగర్‌లో ఉంటున్న ఒక పెద్దమనిషి వివరించారు. ఆయన యూనివర్సిటీ పద్దులు చూసి రిటైరయ్యారు. ప్రభుత్వం ఏటా బ్లాక్ గ్రాంటు ఇస్తుంది. జీతాలూ అందులోంచే, పెన్షన్లూ అందులోంచే. 2004 సెప్టెంబర్ 1కి ముందు చేరినవాళ్లందరికీ పాత పెన్షనే. "ఒక ప్రొఫెసర్ రిటైరైతే జీతం మిగిలిందని సర్కారు అనుకుంటది. మిగల్లేదు బాబూ. ఈ కాలమ్‌ల కెళ్లి ఆ కాలమ్‌లకు పోయింది." పోస్టు నింపితే కొత్త జీతం అదనం. గ్రాంటు అంత పెరగదు. కాబట్టి నింపకుండా ఉంచడమే పద్దును నిలబెట్టే మార్గమైంది.

రాబడి తగ్గడానికి ఆయన ఇంకో కారణం కూడా చెప్పారు. ఒకప్పుడు నిజామాబాద్, నల్లగొండ, మహబూబ్‌నగర్ కాలేజీలన్నీ ఉస్మానియాకే అనుబంధం. అఫిలియేషన్ ఫీజులు, పరీక్ష ఫీజులు ఇక్కడికే వచ్చేవి. 2006లో తెలంగాణ యూనివర్సిటీ, 2007లో మహాత్మాగాంధీ, 2008లో పాలమూరు వచ్చాయి. ఆ జిల్లాల పిల్లలకు మంచే జరిగింది. ఉస్మానియాకు ఆ ఫీజులు పోయాయి, పెన్షనర్లు మాత్రం మిగిలారు. లోటు పూడ్చుకోవడానికి సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులు పెట్టారు. వాటికి పిల్లలు కట్టాల్సిన ఫీజులో పెద్ద భాగం రీయింబర్స్‌మెంట్. అది ఎప్పుడొస్తుందో సర్కారు దయ.

సంఘం గట్టిగా నిలబడితే ఏమవుతుందో మన దేశంలోనే ఒక ఉదాహరణ ఉంది. 2024 జూన్ చివర్లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ వంద మందికి పైగా అధ్యాపకులను, సిబ్బందిని ఆపేస్తున్నట్టు ఉత్తరాలిచ్చింది. వాళ్లలో హైదరాబాద్ క్యాంపస్ వాళ్లూ ఉన్నారు. టాటా ఎడ్యుకేషన్ ట్రస్టు నుంచి నిధులు ఆగడమే కారణమని చెప్పింది. అధ్యాపకులు, విద్యార్థులు బహిరంగంగా నిలదీశారు. రెండు రోజులు తిరక్కుండానే ట్రస్టు డబ్బిస్తానంది, ఉత్తరాలు వెనక్కి తీసుకున్నారు. బ్రిటన్‌లో కార్డిఫ్ విశ్వవిద్యాలయం 2025 జనవరిలో 400 ఉద్యోగాలు తీసేస్తామని ప్రకటించింది. అధ్యాపకుల యూనియన్ సమ్మెకు ఓటేసింది. ఆ ఏడాది బలవంతపు తొలగింపులు ఉండవని మాట తీసుకున్నాకే వెనక్కి తగ్గింది. మన పిల్లలు లక్షలు అప్పుచేసి కట్టే ఫీజుల మీద నడిచే ఆ దేశపు విశ్వవిద్యాలయాలు, విదేశీ విద్యార్థులు తగ్గగానే లోటులో పడ్డాయి. అక్కడి వాళ్లకు కనీసం తీసేసేవాళ్ల సంఖ్య ముందే తెలిసింది, దాని మీద కొట్లాడారు.

ఆ ఏడాది ఆగస్టులో గుజరాత్ ఇంజినీరింగ్ కాలేజీల కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్ల కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. అదే పని చేసే రెగ్యులర్ అధ్యాపకుడికి లక్షా ముప్ఫై ఆరు వేలకు పైగా వస్తుంటే వాళ్లకు నెలకు 30 వేలు ఇస్తున్నారు. సమాన పనికి సమాన వేతనం ఇవ్వాలంది కోర్టు. సభల్లో గురువును బ్రహ్మ విష్ణు మహేశ్వరులంటే సరిపోదని మందలించింది. ఆ ధర్మాసనంలో ఒకరు మన హైదరాబాద్ వారే, జస్టిస్ పి.ఎస్. నరసింహ. మేడమ్ ఆ తీర్పును నాకు వాట్సాప్‌లో పంపి, కిందే ఫోన్ చేయమని రాసింది.

డిసెంబర్ 10న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి క్యాంపస్‌కు వచ్చి ఉస్మానియాకు వెయ్యి కోట్లు ప్రకటించాక మళ్లీ మాట్లాడుకున్నాం. హాస్టళ్లు కావాలి, ల్యాబులు కావాలి, నేను కాదనను. కానీ భవనానికి ఒకసారి ఇస్తే సరిపోతుంది. జీతానికి నెలనెలా, ఏళ్ల తరబడి ఇస్తామని సర్కారు మాటివ్వాలి. బ్లాక్ గ్రాంటులోంచి పెన్షన్లను విడదీసి వాటి బాధ్యత ఖజానా తీసుకుంటే తప్ప ఈ పోస్టులు నిండవని నేను గట్టిగా నమ్ముతున్నాను. మేడమ్ అంత దూరం ఆలోచించడం లేదు. రెగ్యులరైజేషన్ వచ్చినా, నోటిఫికేషన్ వచ్చినా కావాల్సింది సర్వీస్ సర్టిఫికెట్. ఏ ఏడు ఏ పేపర్ చెప్పారో, ఎందరు పిల్లల ప్రాజెక్టులు చూశారో అందులో ఉండాలి. రెన్యువల్ ఆర్డర్లన్నీ తేదీల వారీగా పెట్టుకుందట, రెండేళ్లవి దొరకడం లేదట. డిపార్ట్‌మెంట్ పాత టైంటేబుళ్లు బీరువాలో ఉన్నాయని, వాటికి జిరాక్సులు తీయించి, మిగతా వాళ్లతో కలిసి వచ్చే వారం రిజిస్ట్రార్ ఆఫీసుకు పోతామని చెప్పింది.