నా 4.4 గిగాహెర్ట్జ్, నాన్న కంట్రోల్ ఎస్

మనలో చాలామంది బీటెక్ రోజుల్లో ఈ వెధవ పని చేసే ఉంటారు. ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చేసి, హాస్టలంతా పిలిచి ఆ నంబర్ చూపించుకోవడం. నేనూ చేశానండీ. 2015లో కొన్న డెస్క్‌టాప్, ఐ5-4690కె. అసలు వేగం 3.5 గిగాహెర్ట్జ్, టర్బోలో 3.9 దాకా అదే పోతుంది. మనకది చాలదుగా! బయాస్‌లో మల్టిప్లయర్ 44 పెట్టి, వోల్టేజ్ 1.25 ఇచ్చి 4.4కి ఎక్కించా. ఓ డిసెంబర్ రాత్రంతా స్ట్రెస్ టెస్ట్ నడిపి "స్టేబుల్" అని తేల్చేశా.

2019లో ఉద్యోగానికి బెంగళూరు వచ్చేస్తూ ఆ డబ్బాని తిరుపతిలో నాన్న డీటీపీ షాపులో పెట్టేశా. సెట్టింగులు వెనక్కి మార్చాలన్న సంగతే తట్టలేదు.

2025 మేలో ఇంటికెళ్ళినప్పుడు షాపులో కూర్చున్నా. నాన్న పేజ్‌మేకర్‌లో పెళ్ళి పత్రిక చేస్తున్నాడు. రెండు లైన్లు కొట్టడం, కంట్రోల్ ఎస్. ఒక పేరు దిద్దడం, మళ్ళీ కంట్రోల్ ఎస్. అన్నిసార్లు ఎందుకు నాన్నా అని అడిగా.

"నీలం తెర వచ్చి ఆగిపోతా ఉండాది రా, రెండేండ్లుగా. నేనే యాడో తప్పు నొక్కతా ఉండానేమో అనుకున్నా. నీకు చెప్తే పని మానుకోని వస్తావని చెప్పలా."

గుండె కలుక్కుమంది. అయినా బుద్ధి ఎక్కడికి పోతుంది? బగ్ రాగానే పక్కవాడి మాడ్యూల్‌ని అనుమానించే జాతి కదా మనది! ముందు ర్యామ్‌ని అనుమానించా. రాత్రంతా మెమ్‌టెస్ట్ నడిపితే ఒక్క ఎర్రర్ లేదు. డిస్క్ కూడా శుభ్రంగా ఉంది. ఈవెంట్ లాగ్ తెరిస్తే వరసగా ప్రాసెసర్ హార్డ్‌వేర్ ఎర్రర్లే. అప్పుడు వేడి చూశా. ఏసీ లేని షాపు, తిరుపతి ఎండలు... లోడ్ మీద 98 డిగ్రీలు. దుమ్ము దులిపి, ఎండి పెళుసైపోయిన థర్మల్ పేస్ట్ గీకి కొత్తది రాస్తే 80కి దిగింది. హమ్మయ్య అనుకునేలోపు, నలభై నిమిషాలకి మళ్ళీ నీలం తెర!

అంటే ఒక్క వేడే కాదు. ఎక్కువ వోల్టేజ్, వేడి కలిసి ఏళ్ళ తరబడి ట్రాన్సిస్టర్లని అరగదీస్తాయి. ఒకప్పటి వేగానికి ఇప్పుడు ఇంకాస్త వోల్టేజ్ కావాలి. 2024లో ఇంటెల్ 13, 14 తరాల చిప్‌ల గొడవలోనూ ఎక్కువ వోల్టేజ్ వల్ల జరిగిన అరుగుదలే బయటపడింది. అక్కడ వోల్టేజ్ అడిగింది వాళ్ళ మైక్రోకోడ్, ఇక్కడ నేను.

దారులు రెండు. 1.30కి పెంచడం, లేదా మామూలు వేగానికి దిగడం. పవర్ వోల్టేజ్ వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి మొదటిదానికి ఎనిమిది శాతం ఎక్కువ వేడి, ఇంకా ఎక్కువ అరుగుదల. నిజం చెప్పొద్దూ, చెయ్యి అటే పోయింది. పక్కన నాన్న ప్రూఫు దిద్దుకుంటున్నాడు. లోడ్ డిఫాల్ట్స్ కొట్టేశా. రాత్రంతా టెస్ట్ నడిచింది, ఒక్క ఎర్రర్ రాలేదు. పెళ్ళి పత్రికకి 4.4 అయితే ఏంటి, 3.9 అయితే ఏంటి!

"నువ్వేం తప్పు నొక్కలేదు నాన్నా, తప్పు నాదే" అని మొత్తం చెప్పా. "పోనీలే రా, మిషన్ బాగయింది కదా" అన్నాడు. కంట్రోల్ ఎస్ మాత్రం ఇంకా మానలేదు.

మీరు ఇంట్లో వదిలేసి వచ్చిన డబ్బా ఏదైనా ఉంటే, ఈసారి పండక్కి వెళ్ళినప్పుడు ఓసారి బయాస్ తెరిచి చూడండి. వాళ్ళు అడుగుతారని మాత్రం ఆగకండి.