గోదాలో స్తబ్ధత

కుస్తీ నేర్చుకొనేవానికి మొదటి ఆరు మాసములు పండుగవలె గడుస్తాయి. వారమునకొక కొత్త పట్టు తెలుస్తుంది, దండాల సంఖ్య పెరుగుతుంది, ఇంటివారు భుజాలు చూసి మెచ్చుకొంటారు. అటుపిమ్మట ఒక కాలము వస్తుంది. నిన్నటి బలమే నేడూ ఉన్నది, నిన్నటి పట్లే నేడూ వస్తున్నవి, గెలుపు మాత్రం రాదు. గోదావరిఖనిలో మేము ఎనిమిదిమందిమి కలిసి గోదాలో దిగినాము. రెండవ సంవత్సరము ముగిసేనాటికి మిగిలినవారము నలుగురమే. వెళ్ళిన నలుగురిలో ఓడిపోయి వెళ్ళినవాడు ఒక్కడూ లేడు. అందరూ ఈ స్తబ్ధతకు తాళలేక వెళ్ళినవారే. ఓడినవానికి తన్ను ఓడించినవాడు ఎదుట కనబడతాడు. ఇక్కడ ఎదుట ఎవరూ కనబడరు.

ఈ విషయమును శాస్త్రజ్ఞులు పరిశీలించినది వ్యాయామశాలలో కాదు, తంతి కార్యాలయాలలో అంటే వింతగా తోచవచ్చును. 1897, 1899 సంవత్సరములలో బ్రయన్, హార్టర్ అనే ఇద్దరు అమెరికా పండితులు తంతి వార్తలు వినడం నేర్చుకొంటున్నవారి ప్రగతిని లెక్కకట్టి గీతగా గీచి చూపారు. ఆ గీత కొంతకాలము పైకి పోయి, పిదప వారాల తరబడి చదునుగా సాగి, మరల పైకి లేచింది. అక్షరాలను విడివిడిగా వినేవాడు మాటలను మాటలుగా వినగలగడానికి ముందు, అక్షరాలు అలవాటులో కలిసిపోవలెననీ, చదునుగా కనబడే కాలములో జరుగుతున్నది అదేననీ వారి వివరణ. తరువాతి పరిశోధకులు కొందరు తమకు అటువంటి చదును కనబడలేదన్నారు. పండితుల వివాదము పండితులకే విడిచిపెడదాము. మాకు మాత్రము ఆ వివరణ చదివినప్పుడు ధోబీపాట్ గుర్తుకు వచ్చింది.

ఎదిరి చేయి చిక్కించుకొనవలె. మడమ తిప్పవలె. నడుము దింపవలె. చాకలివాడు బట్టను బండపై వేసినట్లు ఎదిరిని భుజము మీదుగా లాగి వేయవలె. మొదట ఇవన్నీ వేరువేరు అక్షరాలు. మడమను గూర్చి ఆలోచించేలోపల చేయి జారిపోతుంది. ఇవి ఒక్క మాటగా మారేవరకు, ఎన్ని నెలలు శ్రమించినా, పట్టు పడదు.

ఇంకొక చిక్కు కలదు. ప్రతిదినము జోరు చేసేది ఆ నలుగురితోనే. మనము నేర్చినంత వారూ నేరుస్తారు, మన పట్టుకు విరుగుడు కూడ నేరుస్తారు. భూగర్భ గనిలో మ్యాన్‌రైడింగ్ కుర్చీలలో ముందువెనుకగా కూర్చుని పోయేవారికి తమ మధ్య దూరము మారినట్లు కనబడదు. ఇద్దరూ ఎంత లోతునకు పోయినారో గోడకు తెలియవలె. పెద్దపల్లి నుండి వచ్చిన ఒక కుర్రవానితో జోరు చేసిన నాడు గాని మా చేతులలో ఏమి చేరినదో మాకు తెలియలేదు.

బ్రెజిల్ దేశపు జియు జిత్సులో దీనికి కొంత ఊరట ఉన్నది. 1914లో ఆ దేశము చేరిన జపాను జూడో వీరుడు మిత్సుయో మయేదా నేర్పిన విద్యనుండి పెరిగినది ఆ మల్లవిద్య. అందు పెద్దలకు తెలుపు, నీలము, ఊదా, గోధుమ, నలుపు అని వరుసగా బెల్టులు. నలుపు చేరడానికి సుమారు పదేళ్ళు పట్టడం సాధారణం. ఎదుగుదల కనబడని దినాలలో కూడ నడుమున ఒక రంగు ఉంటుంది. మన గోదాలో ఉన్నది ఎర్రమన్ను ఒక్కటే. అది అందరి ఒంటికీ సమానంగానే అంటుతుంది!

1910 సెప్టెంబరులో లండనులో గామా పహిల్వాన్ పోలెండు మల్లుడు జిబిస్కోతో రెండున్నర గంటలకు పైగా పెనుగులాడినాడు. జిబిస్కో నేలను కరచుకొని ఉండిపోయినాడు. కుస్తీ సమానముగా ముగిసింది. 1928లో పటియాలాలో అదే జిబిస్కోను గామా ఒక్క నిమిషము లోపల పడగొట్టినాడు. ఆ నిమిషమును గూర్చి అందరూ చెప్పుకొంటారు. మా మనస్సు మాత్రం పట్టు చిక్కని ఆ రెండున్నర గంటల మీదనే నిలుస్తుంది.

మా ఉస్తాద్ గనిలో పనిచేసి విరమించినవాడు. మా ముఖాలు చూసి ఒకనాడు, "గెలుసుడు ముచ్చట పది దినాలు ఇడిసిపెట్టున్రి బిడ్డా, ఒక్క పట్టే పట్టున్రి" అన్నాడు. ఆ పది దినాలు మాకంటె చిన్నవారితో, కొత్తవారితో జోరు చేయించినాడు. ఓటమి భయము లేనిచోట నడుము దానంతట అదే దిగింది.

అయితే స్తబ్ధత అంతా ఒక్కటి కాదు. ఈ బొగ్గుబావుల ప్రాంతములో రెండవది ఒకటి కలదు, దానికి సాధన మందు కాదు. మా మిత్రుడొకడు తండ్రి స్థానములో గనిలో ఉద్యోగము పొందినాడు. రాత్రి షిఫ్టు వచ్చిన వారము ఉదయము ఇంటికి చేరి, వేసవి ఎండలో, రేకుల కప్పు క్రింద నిద్ర పట్టక, సాయంకాలము గోదాకు వచ్చేవాడు. పిడికిలి బిగిసేది కాదు. తనకు కుస్తీ అచ్చిరాదని అతడు నిశ్చయించుకొన్నాడు. నిద్ర లేని శరీరము ఓడుతున్నదే గాని విద్య ఓడుట లేదని మేము చెప్పి చూసినాము. ఉస్తాద్ ఆ వారపు కుస్తీలను లెక్కలోనికే తీసుకొనేవాడు కాదు. "నిద్రపోయి రాపో" అని మన్ను తాకనీయక పంపివేసేవాడు. ఆ మాట అతనికి వెళ్ళగొట్టినట్లు వినిపించింది.

కళాశాల సంఘమువారికి ఒక చిన్న మనవి. వార్షిక క్రీడలలో గెలిచినవారి పేర్లు పలకపై వ్రాయిస్తున్నారు. సంవత్సరము పొడవునా సాధనకు తప్పక వచ్చినవారి పేర్లు కూడ ఒక మూల వ్రాయించిన బాగుండును.

ఆ మిత్రునికి వచ్చే సోమవారము నుండి మొదటి షిఫ్టు. నిన్న సాయంకాలము మేము నలుగురమూ అతని క్వార్టరుకు వెళ్ళి వచ్చినాము. వస్తానని అనలేదు, రానని కూడ అనలేదు. మన్ను జల్లించినారా అని మాత్రం అడిగినాడు.