ఇంట్లోకొచ్చిన తులసి, కరివేపాకు

మిన్నెసోటాలో సెప్టెంబరు నెలాఖరుకల్లా తెలుగువాళ్ల ఇళ్లలో ఒక పని మొదలవుతుంది. వేసవంతా డెక్ మీద ఎండలో ఉన్న కరివేపాకు, తులసి, మల్లె కుండీలను ఒక్కొక్కటిగా లోపలికి చేరుస్తాం. చలి ఒక్క రాత్రి సున్నా డిగ్రీల కిందికి దిగిందంటే తెల్లారేసరికి తులసి నల్లబడిపోతుంది. అందుకే దక్షిణం వైపు కిటికీ దగ్గర చోటు చేసి, మళ్లీ మే నెల దాకా వాటిని కనిపెట్టుకుని ఉంటాం. నవంబరు వచ్చేసరికి ఆ కిటికీ చుట్టూ చిన్న నల్ల దోమలు తిరగడం మొదలవుతుంది. టీ కప్పులో పడతాయి, ఫోన్ మీద వాలతాయి, సాయంత్రం దీపం పెడితే అక్కడికీ వస్తాయి.

చాలామంది వీటిని అరటిపళ్ల మీద ముసిరే ఈగలనుకుంటారు. పళ్లబుట్ట తీసి లోపల పెడతారు, సింకు తూములో వేణ్నీళ్లు పోస్తారు. అయినా తగ్గవు. పళ్ల ఈగ కాస్త బొద్దుగా, గోధుమరంగులో, ఎర్రటి కళ్లతో ఉంటుంది. ఇవేమో నల్లగా, సన్నగా, పొడుగు కాళ్లతో ఉంటాయి. మూడు మిల్లీమీటర్లకు మించవు, కుట్టవు. కుండీని కదిపితే మట్టి మీంచి లేస్తాయి, ఎక్కువ దూరం ఎగరలేక మళ్లీ అక్కడే వాలతాయి. ఇక్కడి నర్సరీలవాళ్లు ఫంగస్ గ్నాట్స్ అంటారు.

గాల్లో ఎగిరేవాటిని చంపి ప్రయోజనం లేదు. అవి బతికేదే వారం పది రోజులు. ఆలోగా ఒక్కో ఆడది తడిమట్టిలో వందకు పైగా గుడ్లు పెట్టగలదు. గుడ్ల నుంచి వచ్చే పురుగులు తెల్లగా, దారప్పోగంత సన్నగా, నల్లటి తలతో ఉంటాయి. మట్టి పైభాగంలోనే రెండు మూడు అంగుళాల లోతున తిరుగుతూ బూజునీ, కుళ్లిన ఆకునీ, అవి చాలకపోతే లేతవేళ్లనీ తింటాయి. ఇంటి వెచ్చదనంలో గుడ్డు నుంచి దోమ దాకా మూడు నాలుగు వారాల్లో ఒక తరం పూర్తవుతుంది. ఏపుగా ఎదిగిన కరివేపాకు చెట్టుకు వీటివల్ల పెద్ద నష్టం ఉండదు. గింజల నుంచి మొలిపించిన రెండాకుల మొక్కల్ని మాత్రం కూల్చేస్తాయి.

ఇదంతా జరిగేది తడి ఆరని మట్టిలోనే. మనవాళ్ల ఇళ్లలో చలికాలం కుండీలు ఎందుకు ఆరవో నేను చాలాచోట్ల చూశాను. కరివేపాకు వేడిదేశపు చెట్టు. పగటివెలుగు తగ్గి, కిటికీ దగ్గర చల్లదనం పెరిగాక అది విశ్రాంతిలోకి వెళ్లిపోతుంది. ఆకులు పసుపుపచ్చగా మారి రాలతాయి, కొన్ని చెట్లకు ఒట్టి కొమ్మలే మిగులుతాయి. అది చూస్తే మనసు ఊరుకోదు. ఎవరో ఇచ్చిన పిలకను జానెడు నుంచి నడుమెత్తు దాకా పెంచుకున్న చెట్టాయె. దాహంగా ఉందేమోనని చెంబెడు నీళ్లు పోస్తాం. మర్నాడూ పోస్తాం. ఆకులే లేని చెట్టు నీళ్లు తాగదు. ఆ నీళ్లు మట్టిలోనే ఉండిపోతాయి, ముందు దోమలొస్తాయి, ఆ తర్వాత వేరు కుళ్లుతుంది. దోమలకన్నా ఆ కుళ్లే నాకు ఎక్కువ భయం. ఫిబ్రవరిలో చెట్టు చచ్చిపోయిందని బాధపడేవాళ్లలో చాలామంది చెట్లు చలికి పోలేదు, నీటికి పోయాయి. వేలు రెండు కణుపుల దాకా దించి, పొడిగా తగిలితేనే నీళ్లు పోయాలి. శీతాకాలం కరివేపాకుకు అది రెండు వారాలకోసారి కావచ్చు, ఇంకా ఆలస్యంగానూ కావచ్చు.

తులసి సంగతి వేరు. దానికి నీరు పోయడం పూజలో భాగం. మా అత్తయ్య తెనాలి నుంచి వచ్చి మా దగ్గరున్న చలికాలం, స్నానం కాగానే తులసికి చెంబుతో నీళ్లు పోసి ప్రదక్షిణం చేసేవారు. తెనాలి పెరట్లో ఆ నీళ్లు నేలలో ఇంకిపోతాయి, ఎండకి ఆరిపోతాయి. ఇక్కడ ప్లాస్టిక్ కుండీలో, పీట్ మాస్ కలిపిన మట్టిలో అవి ఎక్కడికీ పోవు. ఆవిడతో నీళ్లు పోయవద్దని అనడం నాకిష్టం లేదు. కుండీలో కదులుతున్న పురుగుల్ని చూపించాను, అంతే. కాసేపు చూసి, "పోయాలి గానీ చెంబెడు పోయాలని ఎక్కడుందమ్మాయ్?" అని, పంచపాత్ర తెచ్చుకుని ఉద్ధరిణితో మొదట్లో ఒక్కసారి విడిచారు. ఆ రోజు నుంచి అదే పద్ధతి. మొక్కకు కావలసిన అసలు నీరు కింద పళ్లెంలో పోసేవాళ్లం. అరగంటలో మట్టి పీల్చుకోగా మిగిలింది పారబోసేవాళ్లం. అలా చేస్తే పైమట్టి ఆరుతుంది, వేళ్లకు నీరందుతుంది. పైన ఒక అంగుళం ముతక ఇసుక కూడా పరిచాం.

ఆరబెట్టడంతోనే అన్నీ పోవు. కోసుకు తినే ఆకు, దేవుడికి పెట్టే ఆకు కాబట్టి పురుగుమందుల జోలికి నేను పోను. దాల్చినచెక్క పొడి చల్లమని చాలామంది చెబుతారు, నాకు దానిమీద నమ్మకం లేదు. బీటీఐ మీద ఉంది. 1976లో ఇజ్రాయెల్ నెగెవ్ ఎడారిలో నిలవ నీటి గుంటలో దొరికిన బాక్టీరియా అది. కుట్టే దోమల నివారణకు మన దేశంలోనూ వాడతారు. పిల్లపురుగు దాన్ని మింగితే, అందులోని ప్రొటీను దాని పేగులో విషమవుతుంది. మనకీ కుక్కలకీ పిల్లులకీ ఏమీ కాదు. ఇక్కడి హార్డ్‌వేర్ షాపుల్లో మస్కిటో బిట్స్ అనే గుళికలుగా దొరుకుతుంది. డబ్బా మీద రాసినట్టు, గాలన్ నీళ్లలో నాలుగు టేబుల్ స్పూన్లు అరగంట నానబెట్టి, వడకట్టి, మొక్కకు నీరు పోయాల్సిన రోజున ఆ నీళ్లే పోయాలి. గుడ్లనీ, ఎగిరేవాటినీ అది ఏమీ చేయలేదు. అందుకే ఒకసారి పోసి ఊరుకుంటే చాలదు, వారం వారం నెల దాకా సాగించాలి. పసుపుపచ్చ జిగురు అట్టలు కుండీలో గుచ్చితే పెద్దవి కొన్ని అతుక్కుంటాయి. వారానికెన్ని పడ్డాయో చూస్తే తగ్గుతున్నాయో లేదో తెలుస్తుంది. అట్టల ఉపయోగం నాకు అక్కడికే కనిపించింది.

ఒక్క ఇంట్లో పోయినంత మాత్రాన అయిపోదు. మన మొక్కలు ఇంటింటికీ తిరుగుతాయి. వసంతంలో కరివేపాకు మొదట్లో పిలకలు లేస్తాయి, వాటిని మట్టితో సహా తవ్వి స్నేహితులకిస్తాం. గుళ్లో కలిసినప్పుడు తులసి నారు చేతిలో పెడతాం. ఆ మట్టితోపాటు గుడ్లూ వెళ్తాయి. ఇచ్చేముందు పచ్చి బంగాళాదుంప ముక్క ఒకటి కోసి, కోసిన వైపు కిందికి ఉండేలా మట్టి మీద బోర్లించి రెండు మూడు రోజులుంచండి. పురుగులుంటే దానికిందికి చేరతాయి. ఎత్తి చూడండి. నల్లతలలు కనిపిస్తే ఆ మొక్కను ఇంకో నెల మీ దగ్గరే ఉంచుకుని, శుభ్రమయ్యాకే ఇవ్వండి.