దూలగొండి గింజయు కంపవాతమును

మెదడులోని నాడీకణములను క్షయమునుండి కాపాడు ద్రవ్యము మొక్కలలో దొరకునా యని నన్నడుగువారిలో పెక్కుమంది దొరకునన్న నమ్మకముతోనే వచ్చెదరు. ఆ నమ్మకము నిరాధారము కాదు. తాకినంతనే దురదపెట్టు దూలగొండికాయ గింజలనుండి మద్రాసులో దామోదరన్, రామస్వామి అను శాస్త్రజ్ఞులు 1937లో లెవోడోపాను వేరుచేసిరి. పార్కిన్సన్ వ్యాధి, అనగా కంపవాతము, గలవారి మెదడులో లెవోడోపానుండి తయారగు డోపమిను క్షీణించి యుండునని వియన్నాలో హార్నికీవిచ్ వెల్లడించినది 1960లో. రోగకారణము తెలియుటకు ఇరువదేండ్లకు పైగా పూర్వమే దాని యౌషధము మన కంచెలపై ప్రాకు తీగలో నున్నదని తెలిసియుండుట నన్నిప్పటికిని విస్మయపరచును.

వృద్ధుడైన నేతగాడొకడు కంపవాతమునకు నాయొద్ద కార్బిడోపా కలిసిన లెవోడోపా మాత్రలు వాడుచు, తెగిన పోగులను మరల తన వ్రేళ్ళతోనే అతుకగలుగుచుండెను. కొన్ని నెలలకు మెడయు భుజములును కుదురులేక మెలికలు తిరుగుచుండగా కుమారుడాతనిని తోడ్కొని వచ్చెను. వ్యాధి ముదిరిన శరీరము బిగిసికొని మందగించును. ఈ మెలికలో, మాత్ర వేసికొనిన గంటకు పెచ్చుపెరిగి పిదప తగ్గుచుండెను. మందు మోతాదు మించినదనుటకు ఇంతకంటె గురుతు వేరేల? "మాత్రలు మేము పెంచలేదండీ డాక్టరుగారూ, మూలికల కొట్లో దూలగొండి పొడి తెచ్చి పాలల్లో ఇస్తున్నామంతే. అది గింజల పొడే కదండీ!" అని కుమారుడు చెప్పెను.

గింజలోని లెవోడోపాయు మాత్రలోనిదియు ఒక్కటే. అది మెదడును చేరకమునుపే దేహమున వ్యర్థము కాకుండ కార్బిడోపా అడ్డుకొనునప్పుడు, ఇది మాత్రలోనిది, అది గింజలోనిది అను భేదము దానికి లేదు. చూర్ణము మానిపించిన కొలది దినములకే మెలికలు సద్దుమణగెను.

"మరి అది మెదడును కాపాడుతుందన్నారే?" అని కుమారుడడిగిన ప్రశ్న సామాన్యమైనది కాదు. 2004లో ప్రకటితమైన లండను పరీక్షలో ఎనిమిదిమంది రోగులకు 30 గ్రాముల దూలగొండి చూర్ణము మాత్రలకంటె శీఘ్రముగ ఉపశమనము కలిగించినమాట నిజమే. కాని ఉపశమనము వేరు, రక్షణ వేరు. లోపించిన డోపమినును భర్తీచేయుట నశించుచున్న కణమును నిలుపుట కాదు. మూషికములయందును గాజుపాత్రలలోని కణములయందును రక్షకములని తోచిన మొక్కల సారములు అనేకము కలవు. అయితే, వణకు బయటపడునాటికే ఆ కణములలో చాలభాగము నశించియుండుటచే, మనుష్యునియందు రక్షణను నిరూపింపవలెనన్న దీర్ఘకాల పరీక్షలు కావలెను. మతిమరపు వ్యాధి విషయమున అట్టి పరీక్ష యొకటి జరిగినది: అమెరికాలో 75 ఏండ్లును అంతకు పైబడిన 3069 మందిపై పరిశీలింపగా జింకో ఆకుసారము ఆ వ్యాధిని నివారింపలేదని 2008లో తేలినది. ఇంతమాత్రమున తక్కిన మొక్కలపై ఆశ వదలుకొనుట న్యాయము కాదు; ఆ శోధన సాగవలెననియే నా గాఢమైన కోరిక. అంతవరకు, కంపవాతముతో వచ్చు ప్రతివారిని మాత్రలతోపాటు ఇంటనున్న చూర్ణపు పొట్లములను గూడ వెంట తెమ్మని చెప్పుచున్నాను.